ల్యాప్‌టాప్ స్లో అయిందని ర్యామ్ కొనేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ల్యాప్‌టాప్ స్లో అయిందని ఎవరితో చెప్పినా ముందుగా వచ్చే సలహా ఒకటే, "ర్యామ్ వేయించు". పీజీలో పక్క మంచం వాడూ అదే అంటాడు, ఆఫీసులో టీ దగ్గర కలిసినవాడూ అదే అంటాడు, బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో కౌంటర్ వెనక ఉన్నాయనైతే మనం బ్యాగ్ జిప్ తీసేలోపే "ఎయిట్ జీబీనా సార్, సిక్స్‌టీన్ చేసేద్దాం" అంటాడు. ఆ మాట ఒక్కోసారి నిజమే అవుతుంది. కానప్పుడు మాత్రం డబ్బులు పోతాయి, ల్యాప్‌టాప్ ఎప్పటిలాగే ముక్కుతూ మూలుగుతూ ఉంటుంది. పైగా 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎక్కాయో కొన్నవాళ్ళకి తెలుసు, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చూసి మెమరీ కంపెనీలు తయారీని అటు మళ్ళించేసరికి మనలాంటి వాళ్ళ ల్యాప్‌టాప్‌లో వేసుకునే ముక్కకి కూడా రెక్కలొచ్చాయి. ఊరికే వేయించి చూద్దాంలే అనుకునే రోజులు కావివి.

కొనే ముందు ర్యామ్ తక్కువైందా లేదా అని తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు, విండోస్‌లో ఉన్న టూల్స్ చాలు. ఒక్క షరతు ఉంది: కంప్యూటర్ బాగా స్లోగా ఉన్న ఆ నిమిషంలోనే చూడాలి. పొద్దున్నే ఆన్ చేసి, ఏమీ ఓపెన్ చేయకుండా టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే విండోస్ టూల్) చూసి "మెమరీ 55 శాతమే ఉంది కదా" అంటే ఏమీ తేలదు. మీరు రోజూ తెరిచేవన్నీ తెరవండి, ఎప్పుడు చిరాకు వస్తుందో ఆ చోటికి తీసుకెళ్ళండి, అప్పుడు చూడండి.

అసలేం జరుగుతుందో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ర్యామ్ అనేది వంటగట్టు అనుకోండి. గట్టు మీద చోటు ఉన్నంతసేపు అన్ని డబ్బాలూ చేతికి అందుతాయి. చోటు చాలకపోతే ఇప్పుడు అవసరం లేని డబ్బా తీసి అటక మీద పెడతాం, మళ్ళీ అది కావాల్సి వచ్చినప్పుడు స్టూలు వేసుకుని దించాలి, దించిన దానికి చోటు కోసం ఇంకోటి ఎక్కించాలి. విండోస్ చేసేది సరిగ్గా ఇదే, సీ డ్రైవ్‌లో పేజ్‌ఫైల్ అని ఒక ఫైల్ పెట్టుకుని, ర్యామ్‌లో పట్టనిదాన్ని అందులో పడేస్తుంది. అలా పడేయడం తప్పేం కాదు, ఎంత ర్యామ్ ఉన్న మెషీన్ అయినా కొంచెం చేస్తుంది. క్రోమ్ నుంచి ఎక్సెల్‌కి, ఎక్సెల్ నుంచి మళ్ళీ క్రోమ్‌కి వెళ్ళిన ప్రతిసారీ ఈ ఎక్కించడం దించడం నడుస్తుంటేనే ర్యామ్ చాలట్లేదని అర్థం.

ముందు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. విండోస్ 10, 11లో ఫాస్ట్ స్టార్టప్ అనే సెట్టింగ్ చాలా ల్యాప్‌టాప్‌లలో ముందే ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ తన లోపలి భాగాన్ని, డ్రైవర్లతో (వైఫై, సౌండ్ లాంటి భాగాల్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌లతో) సహా, డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే దాన్నే తిరిగి ఎత్తుకుంటుంది. అంటే రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే వాళ్ళ సిస్టమ్ కూడా వారాల తరబడి అసలు రీస్టార్టే అవ్వకపోయి ఉండొచ్చు. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ (అంటే ప్రాసెసర్) పేజీలో అప్ టైమ్ అని ఉంటుంది, అక్కడ రోజుల లెక్క చూసి చాలామంది నోరు వెళ్ళబెడతారు. రీస్టార్ట్‌తో సమస్య పోయి, వారం తర్వాత మళ్ళీ మెల్లగా వస్తోందంటే ఏదో ఒక ప్రోగ్రామో డ్రైవరో తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వట్లేదన్నమాట. దానికి ర్యామ్ పెంచితే వారానికి వచ్చేది రెండు వారాలకు వస్తుంది, అంతే.

టాస్క్ మేనేజర్‌లో ఏం చూడాలి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్ళి మెమరీ మీద క్లిక్ చేయండి. పైన గ్రాఫ్, కింద అంకెలు ఉంటాయి. అందరూ చూసేది శాతం, దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. 80 శాతం వాడకంలో ఉన్నా హాయిగా నడిచే మెషీన్లు ఉంటాయి, ఖాళీగా ఉన్న ర్యామ్ వల్ల ఎవరికీ ఒరిగేది లేదు కాబట్టి విండోస్ దాన్ని ఏదో ఒకదానికి వాడుతూనే ఉంటుంది.

మొదట చూడాల్సిన అంకె అవైలబుల్. ఏదైనా ప్రోగ్రామ్ అడిగితే ఇప్పటికిప్పుడు ఇవ్వగలిగిన ర్యామ్ అది. దాని పక్కనే క్యాష్డ్ అని ఒకటి ఉంటుంది, మళ్ళీ అవసరం పడొచ్చని విండోస్ ర్యామ్‌లో ఉంచుకున్న సరుకు, అది రెండు మూడు జీబీ చూపిస్తే "క్యాష్ తినేస్తోంది" అని కంగారుపడి ర్యామ్ క్లీనర్ యాప్‌లు వేసుకునేవాళ్ళున్నారు. క్యాష్డ్‌లో ఎక్కువ భాగం అవైలబుల్‌లోనే కలిసి ఉంటుంది, అడిగిన క్షణంలో ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. ఆ క్లీనర్ యాప్‌లు చేసేది ఏంటంటే, పనికొచ్చే సరుకు కూడా బలవంతంగా డిస్క్‌లోకి తోసి అంకె తగ్గించి చూపించడం, తర్వాత అవన్నీ మళ్ళీ డిస్క్ నుంచే రావాలి. ఉన్న స్లో చాలక ఇంకాస్త స్లో. ఉంటే ఈ రోజే తీసేయండి.

రెండోది కమిటెడ్. ఇది 9.4/12.8 జీబీ అన్నట్టు గీతకి అటూ ఇటూ రెండు అంకెలుగా కనిపిస్తుంది. ఎడమ పక్కది ప్రోగ్రామ్‌లన్నీ కలిపి మాకింత కావాలని రాయించుకున్న మెమరీ, కుడి పక్కది ర్యామూ పేజ్‌ఫైలూ కలిపి విండోస్ ఇవ్వగలనని ఒప్పుకున్న హద్దు. ప్రోగ్రామ్‌లు రాయించుకున్నదంతా వాడవు, కాబట్టి ఎడమ అంకె మీ ర్యామ్ కంటే కొంచెం ఎక్కువుంటే భయం లేదు. 8 జీబీ మెషీన్‌లో అది రోజూ 14, 15 దగ్గర తిరుగుతోందంటే మాత్రం ఆలోచించాలి. అది కుడి అంకెకి తగిలేంత దగ్గరికొస్తే ప్రోగ్రామ్‌లు చెప్పాపెట్టకుండా మూసుకుపోతాయి, మెమరీ తక్కువైందని విండోస్ డబ్బా వేసి చూపిస్తుంది. సీ డ్రైవ్ నిండిపోయి ఉంటే పేజ్‌ఫైల్ పెరగడానికి కూడా చోటుండదు, గోరుచుట్టు మీద రోకటిపోటు. కాబట్టి సీ డ్రైవ్‌లో ఓ 15, 20 జీబీ అయినా ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

ఇన్ యూజ్ పక్కన బ్రాకెట్లో కంప్రెస్డ్ అని చిన్న అంకె ఉంటుంది. విండోస్ 10 నుంచి, డిస్క్‌లోకి పంపే ముందు మెమరీని నొక్కి చిన్నది చేసి ర్యామ్‌లోనే దాచే పని మొదలుపెట్టారు. అది ఒక జీబీ దాటి ఉందంటే విండోస్ చోటు కోసం తంటాలు పడుతోందని ఒక గుర్తు.

ఇంతవరకు అనుమానమే. రుజువు కావాలంటే స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని టైప్ చేసి అది తెరవండి. మెమరీ ట్యాబ్‌లో కుడివైపు హార్డ్ ఫాల్ట్స్ పర్ సెకండ్ అని గ్రాఫ్ ఉంటుంది. పేరు చూసి ఏదో పాడైందనుకోకండి, ప్రోగ్రామ్‌కి కావాల్సింది ర్యామ్‌లో దొరక్క డిస్క్ నుంచి తెచ్చిన ప్రతిసారీ ఒక హార్డ్ ఫాల్ట్ లెక్క పడుతుంది. కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడు ఆ గ్రాఫ్ ఒక్కసారి లేచి పడిపోవడం మామూలే, ఆ ప్రోగ్రామ్ ఉండేదే డిస్క్‌లో కదా. ఆల్రెడీ తెరిచి ఉన్న విండోల మధ్య మారినప్పుడల్లా అది వందల్లోకి లేచి, కిందకి దిగకుండా అక్కడే కూర్చుంటోందా అన్నది చూడండి. అలా ఉంటే డిస్క్ ట్యాబ్‌కి వెళ్ళి, డిస్క్ యాక్టివిటీ కింద ఫైల్ పేర్ల వరుసలో పేజ్‌ఫైల్ పేరు పైపైకి వస్తోందేమో చూడండి. వస్తోందా, దొంగ దొరికినట్టే.

ఈ మధ్య మా పిన్ని కొడుకు ల్యాప్‌టాప్ చూశాను. అనంతపురం నుంచి వచ్చి మారతహళ్ళిలో పీజీలో ఉంటూ ఫుల్ స్టాక్ కోర్సు చేస్తున్నాడు. "అన్నా, శానా స్లో అయిపోయింది, జూమ్‌లో స్క్రీన్ షేర్ పెడితే సార్ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది, ర్యామ్ వేయిస్తే పోతుందా?" అన్నాడు. క్లాస్‌లో తెరిచేవన్నీ తెరవమన్నాను: కోడ్ రాసే ఇంటెల్లిజే, డేటాబేస్ కోసం మైఎస్‌క్యూఎల్, జూమ్, వాట్సాప్, క్రోమ్‌లో పేర్లు కూడా కనబడనంత సన్నగా అయిపోయిన ట్యాబ్‌ల గుంపు. 8 జీబీ మెషీన్, అందులో వాడుకోవడానికి వచ్చేది 7.8. ఇన్ యూజ్ 7.2, కంప్రెస్డ్ ఒక జీబీ పైన, అవైలబుల్ అర జీబీ, కమిటెడ్ 15 దాటింది. సీపీయూ చూస్తే 30 శాతం, తీరిగ్గా ఉంది. ఇంటెల్లిజే నుంచి క్రోమ్‌కి మారమన్నాను, కర్సర్ దగ్గర నీలం చక్రం తిరగడం మొదలుపెట్టింది, డిస్క్ 100కి వెళ్ళింది, హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ పైకప్పుకి తగిలి అక్కడే ఆగింది. ట్యాబ్‌లన్నీ మూసి, ఇంటెల్లిజే, జూమ్ మాత్రం ఉంచమంటే అవైలబుల్ రెండు జీబీ దాటింది, అదే మెషీన్ చక్కగా నడిచింది. వాడికి ర్యామ్ కావాలి, ఇందులో వాదన లేదు.

చివర్లో చేయించిన ఆ పనే అన్నిటికంటే తేలికైన పరీక్ష. సగం ప్రోగ్రామ్‌లు మూసేయండి. మెషీన్‌కి ప్రాణం లేచొస్తే ర్యామ్ సమస్య. ఒక్కటంటే ఒక్క వర్డ్ ఫైల్ మాత్రమే తెరిచి ఉన్నా టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా పడుతోందంటే, ర్యామ్ జోలికి వెళ్ళకండి, సమస్య ఇంకెక్కడో ఉంది.

ఆ ఇంకెక్కడో ఎక్కడ

పాత ల్యాప్‌టాప్ అయితే ముందు అనుమానించాల్సింది డిస్క్‌నే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ మీద క్లిక్ చేస్తే హెచ్‌డీడీనో (తిరిగే పాత రకం హార్డ్ డిస్క్) ఎస్‌ఎస్‌డీనో (తిరిగే భాగాల్లేని వేగమైన రకం) అక్కడే రాసి ఉంటుంది. తిరిగే హార్డ్ డిస్క్ ఉండి, అవైలబుల్ మెమరీ రెండు మూడు జీబీ ఉండగానే డిస్క్ మాత్రం 100 శాతంలో కూర్చుంటే, మీరు 32 జీబీ ర్యామ్ వేసినా ఆన్ అవ్వడానికి పట్టే టైమ్ పెద్దగా మారదు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్కులు ఎక్కువగా నిమిషానికి 5400 సార్లు తిరిగే రకం, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ళు చదవాలంటే సెకనుకి వంద లోపు పనులే చేయగలవు, మామూలు ఎస్‌ఎస్‌డీ అయినా వేలల్లో చేస్తుంది. ఇక్కడ ఎస్‌ఎస్‌డీ వేయించాలి. 4 జీబీ ర్యామూ హార్డ్ డిస్కూ రెండూ ఉన్న మెషీన్‌లో ఒక్కదానికే డబ్బులున్నాయంటే కూడా నేను ఎస్‌ఎస్‌డీకే ఓటేస్తాను, ఎందుకంటే ర్యామ్ చాలక పేజ్‌ఫైల్‌లోకి వెళ్ళినా ఆ పేజ్‌ఫైల్ ఉండేది వేగమైన చోట కాబట్టి బాధ తగ్గుతుంది. అదే కారణంగా మంచి ఎస్‌ఎస్‌డీ ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ కొరత సరిగ్గా బయటపడదు, విండో మారినప్పుడు అర సెకను తడబాటులా మాత్రమే తెలుస్తుంది.

తర్వాత వేడి. పీజీ గదుల్లో టేబుల్ ఉండదు, మంచం మీద దుప్పటి మీదే ల్యాప్‌టాప్, కింద గాలి రంధ్రాలు మూసుకుపోతాయి, ఫ్యాన్ గోల పెడుతుంది, ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. సీపీయూ పేజీలో స్పీడ్ అనే అంకె చూడండి, పక్కనే బేస్ స్పీడ్ కూడా ఉంటుంది. పని భారం బాగా ఉన్నప్పుడు కూడా స్పీడ్ బేస్ కంటే బాగా కిందికి పడిపోయి ఉంటే అది వేడి సంగతో కరెంటు సంగతో. కరెంటు అని ఎందుకన్నానంటే, తెలిసినావిడ ఒకరు 16 జీబీ ఉన్న ల్యాప్‌టాప్‌ని 32 చేయించాలని తిరుగుతుంటే చూశాను, అవైలబుల్ దాదాపు 5 జీబీ ఉంది, సీపీయూ స్పీడ్ మాత్రం ఒక గిగాహెర్ట్జ్ లోపే ఇరుక్కుని ఉంది. అసలు చార్జర్ పోతే ఏదో షాపులో దొరికిన చార్జర్ కొన్నారట. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమ చార్జర్‌ని గుర్తుపట్టలేకపోతే ప్రాసెసర్‌ని తొక్కిపెట్టేస్తాయి. చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే స్పీడ్ లేచింది. వెయ్యాల్సింది సరైన చార్జర్.

ఇంటర్నెట్ గురించి ఒక్క మాటే. వెబ్ పేజీలు మాత్రమే స్లో అయి మిగతావన్నీ బాగుంటే అది పీజీ వైఫై, రాత్రి తొమ్మిదికి అందరూ మ్యాచ్ పెట్టుకుని కూర్చున్నప్పుడు ఏ ర్యామూ కాపాడదు.

ఎవరు తింటున్నారో కూడా చూడండి

ర్యామ్ చాలట్లేదని తేలినా వెంటనే కొనక్కర్లేదు. టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్‌లో మెమరీ అనే హెడ్డింగ్ మీద నొక్కితే ఎక్కువ తినేది పైకొస్తుంది. నూటికి తొంభై మంది దగ్గర అది బ్రౌజరే. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత అని విడివిడిగా చెప్తుంది. అందులో కూపన్ ఎక్స్‌టెన్షన్లూ, ఎప్పుడో వేసుకుని మర్చిపోయిన వీడియో డౌన్‌లోడర్లూ బయటపడతాయి. క్రోమ్ సెట్టింగ్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేస్తే చూడని ట్యాబ్‌లను నిద్రపుచ్చుతుంది, ఎడ్జ్‌లో ఇదే పని స్లీపింగ్ ట్యాబ్స్ చేస్తుంది. దానితో పాటు స్టార్టప్ యాప్స్ పేజీకి వెళ్ళి, ఆన్ అవ్వగానే పిలవకుండా వచ్చి కూర్చునే వాటిని డిసేబుల్ చేయండి. చాలామందికి ఈ రెండు పనులతోనే కథ కంచికి చేరుతుంది.

ఒక చిన్న మెలిక ఉంది. ప్రాసెసెస్‌లో కనబడే మెమరీ ఆ ప్రోగ్రామ్ ఇప్పుడు ర్యామ్‌లో ఆక్రమించినది మాత్రమే, డిస్క్‌లోకి తోసేసిన భాగం అందులో రాదు. అందుకే ఏ ప్రోగ్రామ్‌దీ పెద్ద అంకె కనబడదు, కమిటెడ్ మాత్రం ఆకాశంలో ఉంటుంది. అలాంటప్పుడు డీటెయిల్స్‌కి వెళ్ళి, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, కమిట్ సైజ్ అనే కాలమ్ తెచ్చుకోండి. అది గంటగంటకీ పెరుగుతూనే ఉండే ప్రోగ్రామ్ కనిపిస్తే దాన్ని అప్‌డేట్ చేయండి లేదా తీసేయండి. మెమరీ పేజీలో నాన్ పేజ్డ్ పూల్ (విండోస్, డ్రైవర్లు డిస్క్‌లోకి పంపకుండా ర్యామ్‌లోనే ఉంచుకునే మెమరీ) అనే అంకె మామూలుగా కొన్ని వందల ఎంబీ ఉంటుంది, అది జీబీల్లోకి వెళ్ళి రోజురోజుకీ పెరుగుతుంటే తప్పు ఏదో డ్రైవర్‌ది, వైఫై డ్రైవర్ దగ్గర్నుంచి వెతకడం మొదలుపెట్టండి.

మ్యాక్ వాళ్ళ పని సుఖం. యాక్టివిటీ మానిటర్‌లో మెమరీ ట్యాబ్ కింద మెమరీ ప్రెషర్ అనే గ్రాఫ్ ఉంటుంది, పచ్చగా ఉంటే బాగున్నట్టు, పసుపు అయితే ఇరుకు, ఎరుపైతే నిజంగా చాలట్లేదు. కష్టం ఏంటంటే, ఎం1 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్‌లలో ర్యామ్ చిప్‌తో కలిసే వస్తుంది, తర్వాత వేయించడం కుదరదు. కొనేటప్పుడే ఆలోచించుకోవాలి. లినక్స్‌లో ఫ్రీ కమాండ్ కొట్టి ఫ్రీ అనే కాలమ్ కాకుండా అవైలబుల్ కాలమ్ చూడండి, వీఎమ్‌స్టాట్‌లో ఎస్ఐ, ఎస్ఓ కాలమ్‌లలో సున్నాలు కాకుండా అంకెలు ఆగకుండా వస్తుంటే స్వాప్, అంటే విండోస్ పేజ్‌ఫైల్ లాంటిదే, నడుస్తున్నట్టు.

సరే, ర్యామ్ కావాలనే తేలింది

ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఇక్కడే ఆగండి. స్క్రూ ముట్టుకోకండి, పైన చెప్పిన స్క్రీన్‌లు స్క్రీన్‌షాట్ తీసి ఐటీ వాళ్ళకి టికెట్ పెట్టండి. "స్లోగా ఉంది" అని రాస్తే రీస్టార్ట్ చేయమంటారు, కమిటెడ్ అంకె, హార్డ్ ఫాల్ట్స్ గ్రాఫ్ పెడితే త్వరగా కదులుతారు.

సొంతదైతే మెమరీ పేజీలో ఇంకో రెండు లైన్లు చూడండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర రెండింట్లో ఒకటి అని ఉంటే మంచి వార్త. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే మార్చుకునే రకం, రో ఆఫ్ చిప్స్ అని ఉంటే బోర్డుకే అతికించి ఉందని, అప్పుడు చేయగలిగింది పెద్దగా లేదు. సగం అతికించి, పక్కన ఒక స్లాట్ ఖాళీ ఇచ్చే మోడళ్ళు కూడా ఉన్నాయి, ఈ స్లాట్ల లెక్క వాటిలో ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, కాబట్టి మీ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతికి ఎంతవరకు పెంచొచ్చో అక్కడ చూడడం మేలు. ఇంకా 32 బిట్ విండోస్‌లోనే ఉన్న పాత సిస్టమ్ అయితే 4 జీబీ మించి వేసినా వాడుకోలేదు, ముందు 64 బిట్‌కి మారాలి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే విండోస్ 11కి అర్హత, అంతకంటే పాతదాని మీద ఈ ధరల్లో ర్యామ్ కొనడం దండగని నా ఉద్దేశం. ఆ డబ్బు కొత్తదాని కోసం దాచుకోండి.

ఎంత వేయించాలి? బ్రౌజర్, ఆఫీసు ఫైళ్ళు, వీడియో కాల్స్ వరకైతే 8తో నెట్టుకురావచ్చు. కోడింగ్ నేర్చుకునేవాళ్ళు 16కి వెళ్ళండి, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) పెట్టుకుంటే దాన్ని తయారుచేసిన గూగుల్ వాళ్ళే 16 అడుగుతారు. వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్ నడపడం), పెద్ద వీడియో ఎడిటింగ్ ఉంటే తప్ప 32 జోలికి వెళ్ళకండి. మీకెంత కావాలో మీ సొంత లెక్కే ఉంది కదా: బాగా స్లోగా ఉన్నప్పుడు కమిటెడ్ ఎడమ అంకె ఎంతో చూడండి, దాని దగ్గర్లో ఉండే సైజు తీసుకుంటే చాలు. 8 ఉన్నదాని పక్కన ఇంకో 8 వేస్తే డ్యూయల్ చానెల్ (రెండు ముక్కలూ ఒకేసారి డేటా అందించడం) కూడా కలిసొస్తుంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లకి ఇది బాగా పనికొస్తుంది.

డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు, ఒకదాని చోట ఇంకోటి పట్టదు, గాడి చోటే వేరు. ల్యాప్‌టాప్ ముక్క వేరు, డెస్క్‌టాప్ పొడుగు ముక్క వేరు. పాత ల్యాప్‌టాప్‌లలో డీడీఆర్3ఎల్ అని తక్కువ వోల్టేజ్ రకం ఉంటుంది, షాపులో మామూలు డీడీఆర్3 అంటగడితే కొన్నిటిలో ఆన్ కూడా అవ్వదు. వేగాలు వేరువేరుగా ఉన్నా కలిసి పనిచేస్తాయి కానీ తక్కువదాని వేగానికే రెండూ నడుస్తాయి, కాబట్టి పాతది నెమ్మదిదైతే కొత్తదానికి ఎక్కువ పోయకండి. సీపీయూ జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో మీ ర్యామ్ వివరాలుండే ఎస్‌పీడీ ట్యాబ్ ఫోటో తీసుకుంటే షాపులో ఇంక వివరాలు చెప్పే పని ఉండదు.

బెంగళూరులో కొనాలంటే ఎస్పీ రోడ్డు, అంటే సదర్ పత్రప్ప రోడ్డు, టౌన్ హాల్ వెనకాల సిటీ మార్కెట్ వైపు. బండి పార్కింగ్‌తో తలనొప్పి పెట్టుకోకుండా గ్రీన్ లైన్‌లో చిక్‌పేట దిగి నడిచిపోండి. మొదటి షాపులో కొనకండి, "ఎష్టు సార్" (కన్నడంలో 'ఎంత సార్') అని మూడు నాలుగు చోట్ల అడిగి, ఆన్‌లైన్ ధర ఫోన్‌లో పెట్టుకుని మాట్లాడండి. తెలుగు అర్థమయ్యేవాళ్ళు చాలామందే తగులుతారు, కాకపోతే ధర తెలుగులో అడిగినా తగ్గదు. జీఎస్టీ బిల్లు అడగండి, బిల్లు లేకుంటే వారంటీ అడగడానికి నోరుండదు. సీల్ విప్పేది మీ ముందే విప్పమనండి, ముక్క అంచున ఉండే బంగారు రంగు పళ్ళ మీద గీతలుంటే అది ఎవరో వాడి తీసిందే. ముక్క మీద స్టిక్కర్ పీకనివ్వకండి, వారంటీ నంబర్ దాని మీదే ఉంటుంది. వాళ్ళే బిగిస్తే, పాత ముక్క తీసినట్టయితే అది అడిగి జేబులో వేసుకోండి. అక్కడే ఆన్ చేయించి మెమరీ పేజీలో మొత్తం ఎంత, స్పీడ్ ఎంత చూసుకున్నాకే డబ్బులివ్వండి.

ఇంట్లోనే బిగించుకునేవాళ్ళు పూర్తిగా షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకి, లోపల బ్యాటరీ కనెక్టర్ తీయగలిగితే తీసి, ఏదైనా ఇనుప వస్తువు ఒకసారి ముట్టుకుని మొదలుపెట్టండి. ముక్కని ఏటవాలుగా పళ్ళు కనబడనంత లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టిక్కుమని పడతాయి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు, ముఖ్యంగా డీడీఆర్5లో, కాసేపు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కేయకండి, కొత్త మెమరీని సరిచూసుకుంటోంది.

ఆ రాత్రే స్టార్ట్ మెనూలో విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అని వెతికి ఒకసారి నడిపించండి, రీస్టార్ట్ అయి దానంతట అదే పరీక్ష చేసుకుంటుంది. తప్పులున్నాయని చెప్తే ముక్కని ఒకసారి తీసి సరిగ్గా కూర్చోబెట్టి మళ్ళీ నడిపించండి, అప్పటికీ అదే మాట చెప్తే బిల్లు పట్టుకుని మర్నాడే షాపుకి వెళ్ళండి, నెల ఆగితే మార్చి ఇవ్వడం పోయి కంపెనీ సర్వీస్ సెంటర్‌కి పంపిస్తామంటారు.